ఆ చప్పుడు పాటే, వదినగారూ!

వదినగారూ, కరివేపాకు కావాలన్నారుగా, ఆ గోడవైపు కొమ్మ వంచుకోండి, లేతగా ఉంది. అన్నట్టు, రాత్రి మా ఇంట్లో మోటారేదో పట్టేసినట్టుందే అని అన్నయ్యగారు మావారిని అడిగారట. మోటారు కాదండీ, అది రికార్డు. నేనే పెట్టుకున్నాను. అందులో మోటార్లు, సుత్తి దెబ్బలు, రేడియో గరగర అన్నీ ఉంటాయి కాబట్టి ఆయనకలా అనిపించడంలో వింతేమీ లేదు. కానీ అది పాటే. ఒక పద్ధతి ప్రకారం కట్టిన పాట. మీకు తొందర లేకపోతే చెప్తాను. నేనింకా కుక్కరు ఎక్కించలేదు.

ఈ తరహా పాటలకి ఇండస్ట్రియల్ మ్యూజిక్ అని పేరు. మా హాల్లో బీరువా చూశారుగా, అందులో పై అర నిండా ఘంటసాలగారు, సుశీలమ్మగారు. కింది రెండు అరలూ ఇవే. చీకటిగా, గరుగ్గా, అక్కడక్కడా ఒళ్ళు జలదరించేలా ఉంటాయి. మా మేనకోడలు వచ్చినప్పుడల్లా "అత్తా, అవి మాత్రం పెట్టకే" అని దణ్ణం పెడుతుంది. నాకు మాత్రం వీటిమీద చెప్పలేనంత గౌరవం. ఎందుకంటే, ఇవి చేసినవాళ్ళంతా ముందు బాగా విన్నవాళ్ళు. తమ ఊళ్ళో మోగే ప్రతి చప్పుడూ చెవిన వేసుకుని, ఆ తర్వాతే చెయ్యి కదిపారు. ఆ సంగతి ఒకసారి పట్టుబడితే ఇంక ఈ రికార్డులు వదలబుద్ధి కాదు.

రాత్రి మీ ఇంటిదాకా వినిపించింది 'రెడ్ మెక్కా'. 1981లో వచ్చిన ఎల్పీ. కాబరే వోల్టేర్ అనే బృందం చేసింది. ముగ్గురు కుర్రాళ్ళు: స్టీఫెన్ మాలిండర్, రిచర్డ్ హెచ్. కిర్క్, క్రిస్ వాట్సన్. ముగ్గురిదీ ఇంగ్లండులో షెఫీల్డు. మావారు మెటలర్జీ చదువుకి వెళ్ళినప్పుడు మేం ఉన్న ఊరే అది. కత్తులకీ చెంచాలకీ పేరు మోసిన ఊరు. మన వంటింట్లో ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు ఉందే, దానికి పుట్టిల్లుగా అందరూ చెప్పుకునేది కూడా ఆ ఊరినే, 1913లో. మేం వెళ్ళేసరికి పెద్ద పెద్ద ఫోర్జిలు చాలామట్టుకు మూతపడ్డాయి. వీళ్ళు పెరిగే రోజుల్లో మాత్రం రాత్రంతా ఆ సుత్తుల దెబ్బలు ఊరంతా వినిపించేవట. ఆ తరం షెఫీల్డు సంగీతకారుల్లో ఎవరిని కదిపినా ఆ మాటే చెప్తారు. గాజువాకలో కాపురం చేస్తున్న మనకి ఇది విడమరచి చెప్పాలా చెప్పండి? ఖనిజం మోసే గూడ్సు బళ్ళు, తెల్లవారుజామున షిఫ్టు బస్సులు, హార్బరు వైపు నుంచి ఓడ కూత. అవి లేకపోతే మనకి నిద్ర పడుతుందా?

ఈ ముగ్గురూ 1973లో క్రిస్ వాట్సన్ వాళ్ళింటి అటకమీద మొదలెట్టారు. వాట్సన్ ఉద్యోగం టెలిఫోను ఇంజినీరు. వాయిద్యం నేర్చుకున్నవాళ్ళు కాదు. చేతిలో ఉన్నది టేపు రికార్డర్లు, కత్తెర, అతికించే టేపు. అంతే. లూప్ అంటారు చూడండి, అదెలా చేసేవారో మావారు నాకొకసారి చేసి చూపించారు. పాత స్పూల్ రికార్డరులో టేపు సెకనుకి ఏడున్నర అంగుళాల చొప్పున నడుస్తుంది. పదిహేను అంగుళాల ముక్క కత్తిరించి, రెండు కొసలూ కలిపి అతికించి మెషీను మీద వేస్తే, రెండు సెకన్ల చప్పుడు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. అతుకు ఏటవాలుగా కోయాలి. నిలువుగా కోస్తే ఆ చోటికి వచ్చినప్పుడల్లా 'టక్' మంటుంది. ఆ తిరగడంలో ఏ చప్పుడుకైనా ఒక నడక వచ్చేస్తుంది వదినగారూ. ఇద్దరు ఆడవాళ్ళు ఒకే రోట్లో జోడు రోకళ్ళు వేస్తుంటే ఎలా ఉండేదో గుర్తుందా, వినగా వినగా మనమే పాట అందుకునేవాళ్ళం. అదే ఇదీను.

1975లో షెఫీల్డు యూనివర్సిటీలో వీళ్ళ మొదటి ప్రదర్శన. తాళానికి డ్రమ్ములు లేవు. ఆవిరి సుత్తి చప్పుడు రికార్డు చేసి, ఆ టేపునే లూప్‌గా తిప్పారు. డాన్సు చేద్దామని వచ్చిన కుర్రకారుకి ఒళ్ళు మండిపోయి స్టేజీ మీదికి ఎగబడ్డారు. కొట్లాటలో మాలిండర్ పడిపోయి, వెన్నులో ఎముక దెబ్బతిని ఆసుపత్రి పాలయ్యాడు. ఇంకొకళ్ళైతే అక్కడితో మానుకునేవారు. వీళ్ళు ఊళ్ళోనే ఒక పాత పారిశ్రామిక భవనంలో గది తీసుకుని, దాని పేరుమీదే వెస్టర్న్ వర్క్స్ అని సొంత స్టూడియో పెట్టుకున్నారు. 'రెడ్ మెక్కా' తయారైంది అక్కడే. సొంత గది ఉండబట్టే గంటకింత అని అద్దె లెక్క చూసుకోకుండా, చప్పుడు కుదిరేదాకా కూర్చోగలిగారు. వింటుంటే ఆ తీరిక తెలుస్తుంది.

ఇదిగో, అట్ట పట్టుకోండి. గోడమీద పెట్టకండి, తడిగా ఉంది. మొదటి వైపు మొదటి పాట ఏమిటనుకున్నారు? ఆర్సన్ వెల్స్ తీసిన 'టచ్ ఆఫ్ ఈవిల్' సినిమాకి హెన్రీ మాన్సినీ కట్టిన బాణీ. దాన్ని తీసుకుని, ఎండకి కరిగినట్టు సాగదీశారు. వాట్సన్ చేతిలో పాతకాలపు వోక్స్ ఆర్గన్, మాలిండర్ గొంతు నూతిలోంచి వస్తున్నట్టు, వాటి మధ్యలో కిర్క్ కొమ్ముబూరా ఎక్కడో పక్క వీధిలో మోగుతున్నట్టు. అప్పటి లోకం సంగతులు మీకు గుర్తుండే ఉంటాయి. 1979లో ఇరాన్ విప్లవం, అమెరికన్లని బందీలుగా పట్టుకోవడం, అటు అమెరికాలో టీవీల్లో మత బోధకుల హోరు. రెండు వైపులా మతం పేరుతో అరుపులు పెరుగుతున్న వేళ, ఆ భయమంతా ఈ రికార్డులోకి దిగింది. ఉపన్యాసం ఒక్కటీ ఉండదు. గాలి ఎలా బరువెక్కిందో అది మాత్రం వినిపిస్తుంది. నలభై ఏళ్ళు దాటినా ఆ బరువు తగ్గలేదు.

ఇంకో సంగతి, ఇది వింటే మీకు నచ్చుతుంది. ఆ టెలిఫోను ఇంజినీరు వాట్సన్ ఉన్నాడే, ఆ ఏడే బృందం వదిలేసి ఒక టీవీ కంపెనీలో సౌండు పనికి వెళ్ళిపోయాడు. తర్వాత ఏమయ్యాడంటే, పక్షులు, జంతువుల చప్పుళ్ళు రికార్డు చేయడంలో ఇంగ్లండులోనే పేరెన్నికగన్నవాడయ్యాడు. డేవిడ్ అటెన్‌బరోగారి ప్రకృతి కార్యక్రమాలు మీ మనవడు చూస్తుంటాడుగా, 'ఫ్రోజెన్ ప్లానెట్' లాంటివి? వాటిలో మంచు పగిలే చప్పుడు వెనక ఇతని మైకులున్నాయి. చిన్నప్పుడు అమ్మానాన్నా కొనిచ్చిన టేపు రికార్డరు తీసుకెళ్ళి, పెరట్లో పక్షులకి గింజలు వేసే బల్లమీద పెట్టి, తను లోపలికి వచ్చి, అవి ఏం మాట్లాడుకుంటాయో రికార్డు చేశాడట. 1998లో అతను వేసిన సీడీ ఒకటి నా దగ్గరుంది. అందులో కెన్యాలో చచ్చిన చారల గుర్రం మీద వాలిన రాబందుల చప్పుడు ఉంది. ఆ రెక్కల తపతప, ముక్కుల లాగుడు, ఈగల రొద వింటే, అటకమీద కూర్చుని టేపు ముక్కలు అతికించిన చెయ్యి ఇదేనని ఇట్టే తెలిసిపోతుంది. నేను ముందన్న మాటకి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? వీళ్ళు చెవులున్నవాళ్ళు.

ఈ బాణీకి ఇండస్ట్రియల్ అని పేరెలా వచ్చిందంటారా? లండన్‌లో థ్రాబింగ్ గ్రిసిల్ అని నలుగురు. జెనెసిస్ పి-ఓరిడ్జ్, కోజీ ఫానీ టూటీ, క్రిస్ కార్టర్, పీటర్ క్రిస్టఫర్సన్. 1975లో హాక్నీలో మొదలయ్యారు. మరుసటి ఏడు ఇండస్ట్రియల్ రికార్డ్స్ అని సొంత కంపెనీ పెట్టుకున్నారు. ఆ కంపెనీ పేరే బాణీ మొత్తానికి నిలిచిపోయింది. 1977లో వాళ్ళ మొదటి ఎల్పీ 'ద సెకండ్ యాన్యువల్ రిపోర్ట్' వేసినప్పుడు, చేతిలో ఉన్న డబ్బుకి 785 ప్రతులే వచ్చాయి. తెల్లటి ఖాళీ అట్ట, దానిమీద అతికించిన చీటీ. ఆఫీసు ఫైలులా ఉంటుంది. ఆ 785లో ఒకటి నా దగ్గర లేదు, ఉండే అవకాశమూ లేదు. నాది తర్వాతి ముద్రణ. వినడానికి దాంతో నాకేమీ లోటు లేదు.

క్రిస్ కార్టర్ అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. 'ప్రాక్టికల్ ఎలక్ట్రానిక్స్' అని అక్కడొక పత్రిక ఉండేది. మావారు వాళ్ళు కుర్రతనంలో ట్రాన్సిస్టర్ కిట్లు బిగించుకునేవారే, అలాంటి బొమ్మలు వేసేవారు అందులో. రాయ్ గ్విన్ అనే ఆయన అందులో ఇచ్చిన ఎఫెక్టు సర్క్యూటు చూసి కార్టర్ దాన్ని కట్టాడు, కొన్ని మార్పులు చేశాడు. గిటారునో గొంతునో అందులోంచి పంపిస్తే రంపపు కోతలా బయటికొస్తుంది. బృందం పేరు కలిపి దానికి గ్రిసిలైజర్ అని పేరు పెట్టారు. క్రిస్టఫర్సన్ కోసం ఇంకోటి చేశాడు: కీబోర్డు మీట నొక్కితే దానికి తగిలించిన క్యాసెట్ మోగే ఏర్పాటు. ఇవాళ సాంప్లర్ అని కొనుక్కుంటున్న పని, అప్పుడు క్యాసెట్లతో చేశారు. కొట్టులో దొరకని వాయిద్యాన్ని ఇంట్లో కట్టుకున్నవాళ్ళంటే ఎవరికైనా చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించదూ?

వీళ్ళ అట్టల్లో ఒకటి చూపిస్తానుండండి. ఇదిగో, 'ట్వంటీ జాజ్ ఫంక్ గ్రేట్స్', 1979. చూడండి, పచ్చగడ్డి, పూలు, నలుగురు మర్యాదస్తులు నవ్వుతూ నిలబడ్డారు. ఆదివారం పిక్నిక్ ఫొటోలా లేదూ? ఇప్పుడు ఆ వెనకాల అంచు చూడండి, నేల అక్కడ ఆగిపోయి ఆకాశం మొదలవుతోంది. ఆ చోటు బీచీ హెడ్. ఇంగ్లండు దక్షిణ తీరంలో సుద్దరాయి కొండ. ఎంతోమంది ప్రాణాలు తీసుకున్న చోటుగా ఆ దేశంలో అందరికీ తెలుసు. లోపల ఇరవై పాటలూ లేవు, అట్టమీద అన్న జాజూ లేదు. ఏదో తేలికపాటి పాటల రికార్డు అనుకుని అమాయకంగా కొనుక్కెళ్ళినవాళ్ళు ఇంట్లో పెట్టుకుని ఉలిక్కిపడాలని వాళ్ళ ఉద్దేశం. కానీ అందులోనే 'హాట్ ఆన్ ద హీల్స్ ఆఫ్ లవ్' అని ఒకటుంది. మెత్తగా, చల్లగా, కోజీ గొంతు చెవి దగ్గర గుసగుసలాడినట్టు సాగుతుంది. దాన్ని మీకు ముందు వినిపిస్తాను. భయం అక్కర్లేదు.

ఇలాంటి అట్ట ఫోనులో చూస్తే ఏం తెలుస్తుంది చెప్పండి? గోరంత బొమ్మ. ఆ అంచు కనపడదు, కొండ కనపడదు. నేను రికార్డు కొనేది అందుకు. అట్ట, లోపలి కాగితం, లేబుల్, మొదటి వైపు ఎక్కడ ఆపారు, రెండో వైపు దేనితో ఎత్తారు, అన్నీ కలిపి ఒక పని. దాన్ని ముక్కలు చేసి వింటే సగం మాట మింగేసినట్టే.

కొనేటప్పుడు ముందు నేను చూసేది ఇక్కడ, ఈ పాట అయిపోయాక, గాడికీ లేబుల్‌కీ మధ్య ఉన్న నున్నటి భాగం. వెలుగుకి ఏటవాలుగా పట్టుకోండి. అంచులు పట్టుకోండి, వేళ్ళు గాడికి తగలకూడదు. ఆఁ, కనపడిందా? సూదితో గీసినట్టు అంకెలు, అక్షరాలు. అచ్చు పోయడానికి మాస్టరు కోసినవాళ్ళు చేత్తో గీసిన గుర్తులవి. ఏ వైపు, ఏ కోత అన్నది వాటిని బట్టే తెలుస్తుంది. అట్టలు తారుమారవుతాయి, లేబుళ్ళు తప్పు పడతాయి, ఆ గీతలు మాత్రం ప్లేటుతోపాటే పుడతాయి. కొందరు కోతగాళ్ళు సంతకం కూడా పెట్టేవారు. జార్జ్ పెక్‌హామ్ అని లండన్‌లో ఒకాయన, 'ఎ పోర్కీ ప్రైమ్ కట్' అని గీసేవాడు. ఆ మాట కనపడితే కోత బాగుంటుందని సేకరించేవాళ్ళు సంతోషిస్తారు. ఎక్కడో గదిలో లేత్ ముందు కూర్చున్న మనిషి చేతిరాత ఇది. నేను కొన్న ప్రతి రికార్డుకీ ముందు దీన్నే వెతుక్కుని చదువుతాను.

క్యాసెట్ల సంగతి వేరే. ఈ బాణీకి క్యాసెట్ ప్రాణం. ప్లేటు వేయించడానికి డబ్బు కావాలి. క్యాసెట్ అయితే ఇంట్లో రెండు డెక్కులు పెట్టుకుని కాపీ చేసి, జిరాక్సు తీసిన కాగితం చుట్టి, పోస్టులో పంపేయొచ్చు. షెఫీల్డు బృందమే క్లాక్ డీవీఏ, 1980లో 'వైట్ సోల్స్ ఇన్ బ్లాక్ సూట్స్' ఇండస్ట్రియల్ రికార్డ్స్ ద్వారా వేసింది క్యాసెట్‌గానే. పాత క్యాసెట్ చేతికొస్తే వెంటనే ప్లేయర్లో తోయకూడదు. ముందు కిందివైపు కిటికీలోంచి చూడాలి. టేపు వెనకాల రాగిరేకు మీద చిన్న ఫెల్టు మెత్త ఉంటుంది. దాన్ని అంటించిన జిగురు ఏళ్ళు గడిచేసరికి ఎండిపోయి మెత్త ఊడిపోతుంది. అది లేకపోతే టేపు హెడ్డుకి ఆనదు, పాట దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తుంది. జనం టేపు పాడైందని పారేస్తారు. పాడైంది టేపు కాదు, ఆ గోరంత మెత్త. చెడిపోయిన వేరే క్యాసెట్లోంచి తీసి వేసుకుంటే సరిపోతుంది. మన సముద్రపు గాలికి అట్టలకి బూజు, స్ప్రింగులకి తుప్పు. ముసురు పట్టిన వారం నేను బీరువా తలుపు తెరవను. లోపల సిలికా పొట్లాలు, ప్లేట్లన్నీ నిలువుగా. ఒకదానిమీద ఒకటి పేర్చితే వంగిపోతాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనదా? అది వేరే. చెప్పే ముందు బెర్లిన్ వాళ్ళని ఒక్క మాట తలుచుకోవాలి. ఐన్‌స్టూర్జెండే నోయ్‌బౌటెన్. 1980లో పశ్చిమ బెర్లిన్‌లో బ్లిక్సా బార్గెల్డ్, ఎన్. యూ. ఉన్రూ మొదలెట్టారు. ఉన్రూ డబ్బుకి ఇబ్బందిపడి డ్రమ్ములు అమ్మేసుకుని, రోడ్డుపక్క దొరికిన ఇనుప తుక్కు వాయించడం మొదలెట్టాడు. హైవే వంతెన కింద, కాంక్రీటు బోలులోకి దూరి క్యాసెట్ రికార్డు చేసుకున్నారు. 1981 నాటి 'కొలాప్స్' వింటే ఆ తుక్కు చప్పుడు ఒంటికి తగులుతుంది. 1984 జనవరిలో లండన్ ఐసీఏలో డ్రిల్లింగు మెషీన్లతో స్టేజీనే తవ్వబోయి, ప్రదర్శన సగంలో ఆగి, జనానికీ సిబ్బందికీ తోపులాట అయింది. ఆ కథే అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం దాని తర్వాతి ఏడు వచ్చిన 'హాల్బర్ మెన్ష్' గొప్పది. ఆ రికార్డు పేరే పెట్టుకున్న పాటలో ఇనుము ముక్క కూడా లేదు, అంతా మనుషుల గొంతులే. సుత్తి పట్టినవాళ్ళకి ఎక్కడ సుత్తి దించాలో తెలిసింది.

ఇప్పుడు నాకిష్టమైనది. టెస్ట్ డిపార్ట్‌మెంట్ అని లండన్ ఆగ్నేయ మూల కుర్రాళ్ళు. వాళ్ళవి కూడా ఇనుప పీపాలు, రేకులు, పెద్ద స్ప్రింగులు. మూతపడ్డ రేవులు, తుక్కు యార్డుల నుంచి ఏరుకున్న సామాను. 1984 మార్చిలో ఇంగ్లండులో బొగ్గుగని కార్మికులు సమ్మెకి దిగారు. గనులు మూసేస్తామని ప్రభుత్వం అంది. దాదాపు ఏడాది సాగింది ఆ సమ్మె. ఇళ్ళల్లో పొయ్యి వెలగని రోజులవి. ఈ కుర్రాళ్ళు దక్షిణ వేల్స్ గని కార్మికుల గాయక బృందంతో కలిసి ఊరూరా ప్రదర్శనలిచ్చారు. 1985లో ఇద్దరూ కలిసి రికార్డు వేశారు, 'షోల్డర్ టు షోల్డర్'. కార్మికుల కోసం వేసిన రికార్డు. ఒక పక్క, చర్చిలో పాడుకునే పద్ధతిలో నిండుగా, గంభీరంగా పాడే పెద్దవాళ్ళ గొంతులు. ఇంకో పక్క, వాళ్ళ కొడుకుల వయసు కుర్రాళ్ళు ఇనుము మీద కొట్టే దెబ్బలు. వినేముందు ఇది పొసగదనిపిస్తుంది. వింటే, ఆ గొంతులన్నీ జీవితమంతా ఆ ఇనుము చప్పుళ్ళ మధ్యే బతికినవని గుర్తొస్తుంది. సమ్మె ఓడిపోయింది వదినగారూ. గనులు ఒక్కొక్కటిగా మూసేశారు. ఆ గొంతులు మాత్రం ఈ ప్లేటులో ఉన్నాయి.

2021లో మన విశాఖ స్టీలు ప్లాంటుని ప్రైవేటువాళ్ళకి ఇచ్చేస్తారన్నప్పుడు కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం వేశారు చూడండి. అటువైపు వెళ్ళినప్పుడల్లా నాకు ఈ రికార్డే గుర్తొచ్చేది. అక్కడ డప్పు మోగేది, పాటలుండేవి. వాటితోపాటు ఆ రోలింగ్ మిల్లు చప్పుడు, ఆ సైరను, షిఫ్టు మారే వేళ గేటు దగ్గర సైకిళ్ళ, మోటారుసైకిళ్ళ సందడి కూడా మన పిల్లలెవరైనా రికార్డు చేసి పెట్టుకుంటే బాగుండునని నా ఆశ. మావారు ముప్ఫై ఏళ్ళు విన్న చప్పుడు అది. ఆయన వినికిడి కొంత తగ్గిందీ దానివల్లే, ఆయన నిద్రలో కూడా గుర్తుపట్టేదీ దాన్నే.

మంచే చెప్తున్నాను గానీ, ఈ బాణీలో నాకు నచ్చనిదీ ఉంది. జనాన్ని అదరగొట్టాలని కొందరు నాజీల గుర్తులు, చావు శిబిరాల బొమ్మలు అట్టలమీద వేసుకున్నారు. మొదటివాళ్ళలో కొందరికి, మనుషులు చేసిన ఘోరాన్ని కళ్ళముందు పెట్టాలన్న ఉద్దేశం ఉండొచ్చు. వాళ్ళ వెనక వచ్చినవాళ్ళలో చాలామందికి అది ఉత్త అలంకారమైపోయింది. చచ్చిపోయినవాళ్ళ బాధని అలంకారానికి వాడుకున్న రికార్డు ఎంత అరుదైనదైనా, ఊరికే ఇస్తామన్నా, నా బీరువాలోకి రానివ్వను. సేకరించడమంటే ఏది వద్దో తేల్చుకోవడం కూడా.

దీనికి సరిగ్గా ఎదురు, కెనడాలో వాంకూవర్ వాళ్ళు, స్కిన్నీ పప్పీ. పేరు చూసి తీసిపారేయకండి. 1988లో వాళ్ళు వేసిన 'వివిసెక్ట్ సిక్స్' ప్రయోగశాలల్లో జంతువులని హింసించడం మీద. ఇళ్ళల్లో కుక్కపిల్లని పెంచుకునే పిల్లలకి ఆ కోపం తేలిగ్గా అర్థమవుతుంది. చాలా ఏళ్ళ తర్వాత, గ్వాంటనామో జైల్లో ఖైదీలని నిద్రపోనివ్వకుండా వేధించడానికి తమ పాటలు పెద్ద సౌండుతో వాడారని వాళ్ళకి తెలిసింది. 2014లో అమెరికా ప్రభుత్వానికి 6,66,000 డాలర్ల బిల్లు పంపామని చెప్పారు. వినేవాడు తన ఇష్టంతో విన్నప్పుడే అది సంగీతం, కట్టేసి వినిపిస్తే హింస అని ఆ బిల్లు చెప్పింది. అందుకే నేనూ రాత్రి తొమ్మిదిన్నరకల్లా ఆపేస్తాను. అన్నయ్యగారికి చెప్పండి.

మన దేశంలో ఇలాంటి పని ఏమీ జరగలేదా అంటారేమో. ఇదే బాణీ అని చెప్పను గానీ, 1969లో అహ్మదాబాదు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజర్‌తో స్టూడియో పెట్టించాడు. గీతా సారాభాయి, అతుల్ దేశాయి వంటివాళ్ళు అక్కడ టేపులమీద ప్రయోగాలు చేశారు. ఆ టేపులు ఏళ్ళ తరబడి సంస్థ భాండారంలో మూలపడి ఉన్నాయి. పాల్ పర్గస్ అనే ఆయన వెలికితీస్తే 2023లో రికార్డుగా వచ్చాయి. ఎవరో పారేయకుండా ఉంచారు కాబట్టే మనం వింటున్నాం. పాత సామాను సర్దేటప్పుడు పేరు లేని టేపు కనపడితే, వినకుండా మాత్రం పారేయకండి.

ఏమంటున్నారూ? బెంగుళూరులో మీ చిన్నాడు కూడా రికార్డు ప్లేయరు కొన్నాడా? ఎంత మంచి మాట చెప్పారండీ! ఇవి కొనుక్కోవాలంటే వాడికి నా మాటగా చెప్పండి. మొదటి ముద్రణల వెంట పడొద్దు. ఆ డబ్బుతో ఓ బీరువా నింపుకోవచ్చు. థ్రాబింగ్ గ్రిసిల్ రికార్డులని 2017 నుంచి మ్యూట్ కంపెనీ మళ్ళీ వేసింది. 'రెడ్ మెక్కా'ని కూడా వాళ్ళే 2013లో వేశారు. ముందు 'ట్వంటీ జాజ్ ఫంక్ గ్రేట్స్' తీసుకోమనండి, తర్వాత 'రెడ్ మెక్కా'. 'సెకండ్ యాన్యువల్ రిపోర్ట్'కి చెవి అలవాటు పడ్డాక వెళ్ళొచ్చు. మొదటే అది పెడితే మళ్ళీ ఈ వైపు రాడు. 'షోల్డర్ టు షోల్డర్' పాతది ఎక్కడ కనపడినా, అట్ట చిరిగినా సరే, తీసుకోమనండి. సీలు విప్పకుండా ధర పెరుగుతుందని దాచిపెట్టే అలవాటు మాత్రం చేసుకోవద్దనండి. సూది పెట్టని ప్లేటు మూగది. పండక్కి ఇంటికొస్తాడుగా, పొద్దున్న కాఫీ అయ్యాక నేరుగా ఇటు పంపించండి. ప్లేటు అంచులు పట్టి ఎలా తీయాలో ముందు నేర్పుతాను, ఆ తర్వాత ఏది కావాలంటే అది వాడే పెట్టుకుంటాడు.